అలీగఢ్ ధర్మకర్తలు, దేవబంద్ షూరా: రెండు పాలకవర్గముల చరిత్ర

తెలుగుదేశమునకు వెలుపల తెలుగు పాఠశాలలను నడపుచున్న సంఘముల పెద్దలకు భారత రాజ్యాంగములోని 30వ అధికరణము సుపరిచితము. మతమును బట్టి గాని, భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పుకొని నిర్వహించుకొనవచ్చునని అది చెప్పుచున్నది. మతమును భాషయు ఒకే వాక్యమున చేరియుండుటచేత, ఉత్తర హిందూస్థానమందలి ఒక ముస్లిము విద్యాసంస్థను గూర్చి సుప్రీంకోర్టు చెప్పిన మాట మన వీథిలోని తెలుగు బడికిని వర్తించుచున్నది. అందుచేత అట్టి సంస్థల చరిత్ర మనకు పరాయి విషయము కాదు.

నెలకొల్పుటకు సంబంధించిన చరిత్ర ఎల్లరును వ్రాయుదురు. నిర్వహించుటను గూర్చిన చరిత్ర వ్రాయువారు తక్కువ. స్థాపకుని విగ్రహము పాఠశాల ముంగిట నిలుచును గాని, కార్యదర్శి వ్రాసిన మినిట్సు పుస్తకము బీరువా అడుగున పడియుండును. ఈ వ్యాసమునందు అలీగఢ్ కళాశాల ధర్మకర్తల సభను, దేవబంద్ దారుల్ ఉలూమ్ యొక్క షూరాను అను రెండు పాలకవర్గములను పరిశీలించుచున్నాను. ఈ రెండు సంస్థల ఆశయములు వేరు, అలవాట్లు వేరు, ఒకదానినొకటి మెచ్చుకొన్న సందర్భములును అరుదు. అయినను రెండింటికిని కష్టకాలము ఒక్క ప్రశ్న రూపముననే వచ్చినది. సభ తాను మిక్కిలి గౌరవించు మనుష్యునికి అడ్డు చెప్పగలదా, లేదా?

మొదట కొంత పూర్వరంగము అవసరము. ఇస్లాము ధర్మశాస్త్రము ననుసరించి సత్కార్యమునకై ఆస్తిని శాశ్వతముగా విడిచిపెట్టుట వక్ఫు అనబడును. ఆ ఆస్తిని కాచుటకు దాత ముతవల్లీని నియమించును. ముతవల్లీ యజమాని కాడు. దాత చెప్పిన పనికి ఆదాయమును వినియోగించువాడు మాత్రమే. అతడు దారి తప్పినచో తొలగించు అధికారము ఖాజీకి ఉండెడిది. ఈ ఏర్పాటులో ఒక నిర్వాహకుడు, అతనిపై ఒక న్యాయాధికారి కనబడుదురు గాని సభ కనబడదు. ఆంగ్లేయుల పాలనలో ఖాజీల అధికారము సన్నగిల్లినది. మద్రాసు రాజధానిలో 1817వ సంవత్సరపు 7వ రెగ్యులేషను దేవాలయముల ఆస్తులతోపాటు మసీదుల ఆస్తులను కూడ రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలోనికి తెచ్చెను. సర్కారు జిల్లాలు, దత్తమండలములు ఆ రాజధానిలోనివే గనుక మన పూర్వులు ఈ మార్పును దగ్గరనుండి చూచినవారే. 1863లో వచ్చిన 20వ చట్టముతో ప్రభుత్వము ఆ బరువును దింపుకొని స్థానిక సంఘముల కప్పగించెను.

ఇంతకంటె ముఖ్యమైనది 1860వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము. ఏడుగురు గాని అంతకు మించినవారు గాని కలిసి, విద్యకో ధర్మకార్యమునకో ఒక సంఘముగా ఏర్పడి నమోదు చేయించుకొనవచ్చునని అది త్రోవ చూపెను. భూములిచ్చు నవాబు లేకున్నను, రూపాయ, అర్ధరూపాయ చందాలతో బడి నడపుటకు చట్టమునందు చోటు దొరకెను. సంప్రదించి పనిచేయుట ఇస్లామునకు క్రొత్త గాదు. ఖురానులో 42వ అధ్యాయమునకు పేరే ‘షూరా’. ఆ పదమునకు ఆలోచన, సంప్రదింపు అని అర్థము. పాత మాటకు క్రొత్త చట్టము తోడయ్యెను. అంజుమన్ అను పేరుతో దేశమంతట వెలసిన సంఘములు ఈ కలయికకు సంతానమే.

ఇక అలీగఢ్. సర్ సయ్యద్ అహమద్ ఖాను (1817-1898) న్యాయశాఖలో ఉద్యోగి. 1869లో ఇంగ్లండునకు వెళ్ళి, అచ్చటి విద్యాలయములను చూచి, 1870లో తిరిగి వచ్చెను. ఆ సంవత్సరము చివరనే కాశీలో ముస్లిముల విద్యాభివృద్ధికై ఒక సంఘమును కూర్చెను. 1872లో కళాశాలకు నిధి కూర్చుటకై మరియొక సంఘము ఏర్పడెను. 1875 మే 24న అలీగఢ్‌లో పాఠశాల ప్రారంభమైనది. అప్పటికి సర్ సయ్యద్ ఇంకను కాశీలోనే ఉద్యోగము చేయుచుండెను. అలీగఢ్‌లో స్థలము చూచి, ఉపాధ్యాయులను కుదిర్చి, బడి తెరిపించిన భారము స్థానిక ఉపసంఘపు కార్యదర్శి మౌల్వీ సమీఉల్లాఖానుది. 1876లో సర్ సయ్యద్ ఉద్యోగము విరమించి అలీగఢ్ చేరెను. 1877 జనవరి 8న గవర్నరు జనరలు లిట్టన్ ప్రభువు కళాశాలకు శంకుస్థాపన చేసెను.

పదునైదేండ్లపాటు అన్ని పనులును సర్ సయ్యద్ చేతిమీదుగనే సాగెను. చందాలు ఆయన పేరు చూచి వచ్చెను. కట్టడములు ఆయన కన్నుల యెదుట లేచెను. సభ్యులు దూరదూర ప్రాంతములలో కాపురముండిన పెద్ద ఉద్యోగులు, జమీందారులు. ఇట్టి సంఘములందు సమావేశమునకు వచ్చువారు కొందరు, ఉత్తరమున సమ్మతి వ్రాయువారు కొందరు, ఏమియు వ్రాయనివారు పలువురు. మన సంఘములలో ఈ మూడు తెగలవారిని ఎరుగని వారెవరు?

1889లో సర్ సయ్యద్ ఒక క్రొత్త నిబంధనావళిని ప్రతిపాదించెను. పాత సంఘములకు బదులు ధర్మకర్తల సభ యొకటి ఏర్పడవలెను. తాను యావజ్జీవ గౌరవ కార్యదర్శి. తన కుమారుడు సయ్యద్ మహమూదు సంయుక్త కార్యదర్శి. తన అనంతరము ఆ స్థానము అతనిదే. ఆంగ్లేయ ఆచార్యుల హక్కులకు రక్షణలు కూడ అందు చేర్చబడెను. దీనికి సర్ సయ్యద్ చూపిన కారణము తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రిన్సిపాలు థియొడోర్ బెక్, అతని తోడి ఆంగ్లేయులు కళాశాలకు ప్రాణముగా నుండిరి. తన తరువాత ఎవరు వత్తురో తెలియనిచో వారు నిలువరని ఆయన భయము. మహమూదు సామాన్యుడును కాడు. అలహాబాదు హైకోర్టులో 1887నుండి న్యాయమూర్తి. అతని తీర్పులు ఈనాటికిని న్యాయశాస్త్ర గ్రంథములలో ఉదాహరింపబడుచున్నవి. తండ్రి ఎంచుకొన్నవాడు అసమర్థుడై యుండినచో వివాదము సులభముగా తేలిపోయెడిది. సమర్థుడగుటచేతనే చిక్కు ముదిరినది.

సమీఉల్లాఖాను ఎదిరించెను. జాతి ధనముతో నెలకొన్న సంస్థకు కార్యదర్శి పదవి వంశపారంపర్యమగుట తగదనునది ఆ పక్షపు వాదమునందలి సారము. హైదరాబాదు రాజ్యమున కొలువుచేయుచుండిన ముష్తాఖ్ హుసేను, అనగా తరువాతి కాలమున వికారుల్‌ముల్కు బిరుదముతో ప్రసిద్ధుడైనవాడు, ఆయనయు వ్యతిరేకించెను. కాని సభలో బలము సర్ సయ్యద్ వైపే యుండెను. నిబంధనావళి నెగ్గెను. సమీఉల్లాఖాను, పదునాలుగేండ్ల క్రిందట ఆ బడి తలుపులు తెరిపించినవాడు, అలీగఢ్‌ను విడిచిపోయి అలహాబాదులో 1892లో ముస్లిము విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పెను. వికారుల్‌ముల్కు మాత్రము వ్యతిరేకించియు సంస్థను విడువలేదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఆరేండ్లు గడచెను. 1895లో కళాశాల కార్యాలయపు ప్రధాన గుమాస్తా దొంగ సంతకములతో బ్యాంకునుండి లక్ష రూపాయలకు పైగా కాజేసినట్లు బయటపడెను. ఆ కాలపు లక్ష యెంతటిదో చెప్పనక్కరలేదు. ఈ మోసము ఒక్కనాటిది కాదు. కార్యదర్శి సంతకము ఒక్కటే చాలునను ఏర్పాటులో, ఆ కార్యదర్శి వయస్సు మీరిన మహానుభావుడై, గుమాస్తాను నమ్మినవాడై యుండగా, లెక్కలు మరియొకరు చూడకుండగా, జరుగుటకు వీలున్న పనియే జరిగినది. సర్ సయ్యద్ నిజాయితీని శంకించిన వారెవ్వరును లేరు. నా దృష్టిలో విషాదమంతయు అచ్చటనే యున్నది. సంశయింపరాని మనుష్యుని లెక్కలు అడుగుటకు ధర్మకర్తలు సిగ్గుపడిరి. లెక్క అడుగుట అవమానించుట యని మన పెద్దలును తలంతురు. కోశాధికారి మంచివాడు గనుక జమాఖర్చు చదువనక్కరలేదని మహాసభలో ఒకరు లేచి పలుకగా తక్కినవారు చప్పట్లు కొట్టుటను నేనే ఒకచోట చూచితిని.

ఆ దెబ్బనుండి సర్ సయ్యద్ తేరుకొనలేదు. 1898 మార్చి 27న ఆయన మరణించునప్పటికి కళాశాల అప్పులలో నుండెను. విద్యార్థుల సంఖ్యయు పడిపోయెను. నిబంధన ప్రకారము మహమూదు కార్యదర్శి యయ్యెను. 1893లోనే న్యాయమూర్తి పదవిని విడిచిన అతని ఆరోగ్యము చెడియుండెను. ఏడాది తిరుగకుండగనే, 1899లో, ధర్మకర్తలు అతనిని ప్రక్కకు తప్పించి మొహసినుల్‌ముల్కును కార్యదర్శిగా ఎన్నుకొనిరి. 1889లో ఎవరిని కాదనలేకపోయిరో ఆయన కుమారునే పదేండ్లకు కాదనిరి. ధర్మకర్తలు నిజముగా సభగా పనిచేసిన మొదటి సందర్భము ఇదియేయని నేను తలంచుచున్నాను. మహమూదు 1903లో దివంగతుడయ్యెను.

మొహసినుల్‌ముల్కు పేరు వినగానే తెలంగాణమువారికి ఒక తీగ కదలవలెను. మొదటి సాలార్‌జంగు పిలుపుపై 1874లో హైదరాబాదు చేరి, 1893వరకు రాజ్యపు పెద్ద పదవులలో నుండినవాడాయన. వికారుల్‌ముల్కును ఆ కొలువునందే రెవెన్యూ వ్యవహారములలో ఆరితేరెను. నిజాము రాజ్యమున భూమిశిస్తు లెక్కలతో, కచ్చేరి కాగితములతో కుస్తీపట్టిన ఈ ఇద్దరు ఉద్యోగులు, అప్పులలో మునిగిన ఒక ఉత్తరాది కళాశాలను వరుసగా కార్యదర్శులై ఒడ్డుకు చేర్చిరి. ఆ కచ్చేరి భాష మన తెలుగు కాదు. ఆ శిస్తు చెల్లించిన రైతులలో పలువురు మాత్రము తెలుగువారు.

1907 ఫిబ్రవరిలో అలీగఢ్ ప్రదర్శనశాలయందు ఒక విద్యార్థికిని పోలీసువానికిని జరిగిన కలహము పెరిగి, ఆంగ్లేయ ఆచార్యులపై విద్యార్థుల సమ్మెగా మారెను. ఆ సంవత్సరము అక్టోబరులో మొహసినుల్‌ముల్కు మరణింపగా, వికారుల్‌ముల్కు కార్యదర్శి యయ్యెను. 1889లో వ్యతిరేకించియు నిలిచినవాడు ఇట్లు పనికివచ్చెను. 1909లో ప్రిన్సిపాలు ఆర్చిబోల్డు, కళాశాల లోపలి వ్యవహారములలో తుది మాట తనదనెను. కార్యదర్శి, ధర్మకర్తలు తమదనిరి. సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు హ్యూయెట్ ప్రిన్సిపాలు పక్షము వహించెను. ధర్మకర్తలు వెనుదీయలేదు. చివరకు ఆర్చిబోల్డు రాజీనామా ఇచ్చెను. స్థాపకునికి ఎదురు చెప్పజాలని సభ ఇరువదియేండ్లలో గవర్నరునకు ఎదురు చెప్పగలిగినది. అయితే బోధనావిషయములలో ఉపాధ్యాయుని మాటకు ఎంత విలువ, సభ మాటకు ఎంత విలువ యనునది అప్పటికిని స్పష్టముగా తేలలేదు. ఉపాధ్యాయుడనైన నాకు ఆర్చిబోల్డుపై కొంత జాలి లేకపోలేదు.

అలీగఢ్ కథను ఇచ్చట నిలిపి, దానికి తొమ్మిదేండ్లకు ముందే పుట్టిన దేవబంద్ వైపు చూతము. అది కూడ సంయుక్త రాష్ట్రములలోనిదే. సహారన్‌పూరు జిల్లాలోని చిన్న పట్టణము. 1866 మే మాసాంతమున ఛత్తా మసీదులో, ఒక దానిమ్మచెట్టు నీడను, ఒక గురువుతో ఒక శిష్యునితో ఆ విద్యాలయము ఆరంభమైనదని సంప్రదాయము చెప్పును. గురువు పేరును శిష్యుని పేరును మహమూదే. హాజీ ఆబిద్ హుసేను చందాలు పోగుచేసెను. మౌలానా ముహమ్మద్ ఖాసిం నానోత్వీ దానికి మార్గదర్శి, 1880లో మరణించెను.

నానోత్వీ సంస్థకై ఎనిమిది నియమములను వ్రాసి యుంచెను. పాలకవర్గమును గూర్చి మన దేశమున ఆ శతాబ్దిలో వెలువడిన వ్రాతలలో ఇంత సూటియైనది నేనెరుగను. సలహా సభ్యులు తమ మాటయే నెగ్గవలెనని పట్టుపట్టరాదు. తమ అభిప్రాయమునకు విరుద్ధమైనది వినుటకు ఇష్టపడని నాడు సంస్థ పునాది కదలునని ఆయన హెచ్చరించెను. ముహతమిమ్, అనగా నిర్వాహకుడు, సభ్యులతో తప్పక సంప్రదింపవలెను. ఆస్తి, కార్ఖానా, ధనికుని వాగ్దానము వంటి నిశ్చితాదాయము ఏర్పడినచో దేవునిపై ఆధారము తగ్గి లోపల కలహములు పుట్టును. ప్రభుత్వముయొక్కయు ధనవంతులయొక్కయు జోక్యము హానికరము. పేరు కోరని పేదవాని చందా శ్రేష్ఠము.

ఇది భక్తుని మాటవలె తోచినను అందు లోకజ్ఞానము కలదు. ఒక్క పెద్ద దాతపై ఆధారపడిన సభ ఆ దాతకు బంటగును. వేలకొలది చిన్న చందాదారులున్నచో లెక్క వేలమందికి చెప్పవలసి వచ్చును. దేవబంద్ వారు ఏటేట నివేదికలు అచ్చువేసి అందు దాతల పేర్లను ప్రకటించిరి. తపాలా, మనియార్డరు సదుపాయములు దూరపు ఊళ్ళ చందాలను చేరవేసెను. పదవులను కూడ విడదీసిరి. ప్రధానాచార్యుడు బోధనను, ముహతమిమ్ కార్యాలయమును, సర్‌పరస్తు అను పెద్దదిక్కు సాధారణ మార్గదర్శనమును చూచుకొనెడివారు. అన్నింటిపై షూరా. అలీగఢ్‌లో 1909 వరకు నలిగిన తగవు ఇచ్చట మొదటనే కొంతవరకు పరిష్కృతమైనది.

అయినను నియమము వ్రాసినంత మాత్రమున కాలము ఊరకుండదు. నానోత్వీ కుమారుడు హాఫిజ్ అహమదు 1895నుండి మూడు దశాబ్దములకు పైగా ముహతమిమ్‌గా నుండెను. తరువాత మనుమడు ఖారీ ముహమ్మద్ తయ్యిబు ఆ పదవిని అర్ధశతాబ్దికి పైగా నిర్వహించెను. ఆయన విద్వాంసుడు, వక్త, దేశవిదేశములలో గౌరవమందినవాడు. 1980 మార్చిలో శతవార్షికోత్సవము మహావైభవముగా జరిగెను. ప్రధాని ఇందిరాగాంధీ హాజరయ్యెను. ఆ పందిళ్ళు విప్పిన కొలదికాలమునకే ముహతమిమ్‌కును షూరాకును విరోధము ముదిరినది. తుది అధికారము ఎవరిది? షూరా నియమించిన ముహతమిమ్ షూరాకు లోబడినవాడా, లేక షూరా అతనికి సలహాదారు మాత్రమేనా? నూరేండ్లుగా ఎవరును గట్టిగా అడుగని ప్రశ్న. 1982 మార్చిలో మౌలానా అసద్ మదనీ పక్షమువారు విద్యాలయమును వశపరచుకొనిరి. తయ్యిబు పదవి వదలెను. 1983 జూలైలో మరణించెను. ఆయన పక్షమువారు అదే పట్టణమున దారుల్ ఉలూమ్ వక్ఫు పేరుతో వేరొక విద్యాలయమును నెలకొల్పిరి. ఒకే దానిమ్మచెట్టు పేరు చెప్పుకొను రెండు సంస్థలు నేడును దేవబంద్‌లో నున్నవి.

ఈ వివాదమున ఎవరిది న్యాయమో తేల్చుట నా పని కాదు. నేను చూచునది ఒక్కటే. షూరా అధికారము స్థిరపడిన తరువాత, 2011 జనవరిలో గుజరాతు ప్రాంతీయుడైన మౌలానా గులాం ముహమ్మద్ వస్తాన్వీని ఆ సభ ముహతమిమ్‌గా ఎన్నుకొనెను. ఆయన మాటలపై దుమారము లేచెను. సభ విచారణ జరిపించి, ఆ సంవత్సరము జూలైలో సమావేశమై ఆయనను తొలగించి మరియొకరిని నియమించెను. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యని వాదించువారు ఇప్పటికిని కలరు. కాని ఈసారి సంస్థ రెండుగా చీలలేదు.

మరల అలీగఢ్‌కు వత్తము. విశ్వవిద్యాలయము కావలెనన్నచో ముప్పది లక్షల రూపాయల నిధి చూపవలెనని ప్రభుత్వము నిబంధన పెట్టగా, ముస్లిములు దేశమంతట చందాలు పోగుచేసిరి. 1920లో కేంద్ర శాసనసభ చట్టముచేత అలీగఢ్ ముస్లిము విశ్వవిద్యాలయము ఏర్పడెను. ఆ చట్టముతో పాత కళాశాల సంఘము రద్దయి, దాని ఆస్తులన్నియు విశ్వవిద్యాలయమునకు సంక్రమించెను. ధర్మకర్తల స్థానమున ‘కోర్టు’ అను పెద్ద సభ, కార్యనిర్వాహక మండలి, విద్యామండలి అను మూడు అంగములు వచ్చెను. 1929లో సర్ రాస్ మసూదు వైస్‌చాన్సలరుగా వచ్చెను. ఆయన సయ్యద్ మహమూదు కుమారుడు, సర్ సయ్యద్ మనుమడు. 1916నుండి 1928వరకు హైదరాబాదు రాజ్యమున విద్యాశాఖాధిపతి. తాతగారి ఇంటి పేరుకంటె హైదరాబాదులో చేసిన పని ఆయనకు పెద్ద యోగ్యతయని నా అభిప్రాయము. 1889లో తాత నిబంధనచే కొడుకునకు కట్టబెట్టదలచిన స్థానమునకు, నలువదియేండ్లకు మనుమడు తన అనుభవముతో వచ్చెను.

1951లో చట్టము సవరింపబడి, కోర్టులో ముస్లిములు మాత్రమే యుండవలెనను నియమము తొలగెను. 1965 ఏప్రిలులో వైస్‌చాన్సలరు అలీ యావర్‌జంగుపై దాడి జరుగగా, ప్రభుత్వము ఆర్డినెన్సుతో, పిదప చట్టముతో, కోర్టును కేవలము సలహాసంఘముగా మార్చెను. దీనిపై నడచిన అజీజ్ బాషా వ్యాజ్యమున 1967 అక్టోబరు 20న సుప్రీంకోర్టు, విశ్వవిద్యాలయమును నెలకొల్పినది ముస్లిములు కారు, చట్టము అని తీర్పుచెప్పెను. నెలకొల్పనివారికి నిర్వహించు హక్కు 30వ అధికరణము క్రింద లేదనెను. 1981లో పార్లమెంటు సవరణ కోర్టుకు పాలకసభ స్థానమును తిరిగి ఇచ్చెను. 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురు ముగ్గురుగా విడివడి, 1967నాటి తీర్పులోని ఆ సూత్రమును త్రోసిపుచ్చెను. చట్టముచే రూపొందినంత మాత్రమున ఒక సంస్థ అల్పసంఖ్యాకులది కాకపోదని ఆధిక్య తీర్పు. అలీగఢ్ అట్టి సంస్థయా కాదా యను నిర్ణయమును వేరొక ధర్మాసనమునకు విడిచిపెట్టెను.

మనవంటివారు ఆ తీర్పున శ్రద్ధగా చదువవలసినది మరియొకటి కలదు. సంస్థను ఎవరు నెలకొల్పిరో తేల్చుటకు ఆలోచన ఎవరిది, ఉద్దేశమేమి, ధనమెవరిది, స్థలమెవరు సంపాదించిరి, కట్టడమెవరు లేపిరి యని విచారింపవలెననియు, ఆనాటి ఉత్తరములు, తీర్మానములు ఇందుకు సాక్ష్యములగుననియు న్యాయమూర్తులు వ్రాసిరి. అనగా 1870 నాటి సంఘముల కాగితములు నూటయేబదియేండ్ల తరువాత న్యాయస్థానమున మాటలాడుచున్నవి. అలీగఢ్ వారికి అవి దక్కినవి. లెక్కలు భద్రముగా చూడని సభ కూడ కాగితములను పారవేయలేదు. మన పాఠశాలలలో స్థాపకుల తొలి తీర్మానము, నాలుగణాలు ఎనిమిదణాలు ఇచ్చినవారి చందాపట్టిక, స్థలపు దస్తావేజు ఎచ్చట నున్నవో పలుచోట్ల కార్యదర్శులకే తెలియదు. నేను చూచిన ఒక చందా పుస్తకమునకు అట్ట ఊడిపోయినది. మొదటి ఆకు చెదలు తినగా పదునేడు పేర్లు మాత్రమే చదువుటకు వీలగుచున్నవి. వానిలో నాలుగు స్త్రీలవి.